చూపించిన చేప

ఏది ముట్టుకోబోయినా ముందు అరచేయి వాసన చూసుకుంటాడు. బస్సులో కమ్మీ పట్టుకునే ముందు. ఇంట్లో కూతురి తల నిమిరే ముందు. పదకొండేళ్ళుగా ఆయన పని చేపల తొట్టెల దగ్గర.

అది పెద్ద చైనా హోటలు, సముద్రపు చేపలకు పేరుపడింది. గుమ్మం పక్కనే గోడంత గాజుతొట్టెలు. వచ్చినవాళ్ళు వేలితో చూపించి చేపను ఎంచుకుంటారు. ఆయన దాన్ని వలబుట్టతో పట్టి బల్ల దగ్గరకు తెచ్చి చూపిస్తాడు. అది తోక కొడుతుంది, నీళ్ళు చిందుతాయి, అందరూ నవ్వుతారు. వంటింటి తలుపు దాటాక దాన్ని లోపలి తొట్టెలో వదిలేసి, అదే సైజులో, చావుకు దగ్గరపడి పొద్దుటినుంచి పక్కకు ఒరిగిపోతున్న ఇంకొకదాన్ని వంటవాడికి ఇస్తాడు. చేరిన మొదటి వారంలోనే నేర్పిన పద్ధతి. ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు.

ఆయన అక్క బజారులో చేపలమ్ముతుంది. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ కొట్టుమీదే. “మీ హోటల్లో కూర్చుని నువ్వు పట్టిన చేప ఒక్కసారి తినాలిరా” అని ఎన్నాళ్ళుగానో అంటోంది. ఒక మధ్యాహ్నం అక్కనూ బావనూ పిలిచాడు. ఆమెకు మాత్రం ఎంచుకున్న చేపే పెట్టాలని గట్టిగా అనుకున్నాడు.

గిన్నెలు అందరి ముందుకూ వచ్చేలా బల్ల నడుమ గుండ్రంగా తిరిగే గాజుపలకను బావ తిప్పిచూశాడు. “భలే ఉందే. ఇలాంటిది ఇంట్లో ఉంటే మీ అక్కతో పనే లేదు.”

“ముందు తిప్పడం ఆపండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి” అంది అక్క.

అక్క తొట్టెల ముందు చాలాసేపు నిలబడి ఎర్రమచ్చల చేపను ఎంచుకుంది. ఆయన పట్టి తెచ్చాడు.

“పెళ్ళిచూపుల్లో మీ అక్కని కూడా ఇంత దగ్గరగా చూపించలేదయ్యా!” అన్నాడు బావ.

“చూపిస్తే పారిపోయేవారుగా” అంది అక్క.

ఆయన చేపతో నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళాడు. ఇంకో రెండు బల్లల నుంచి పిలుస్తున్నారు. చేతులు రోజూ చేసేదే చేశాయి. పళ్ళెం వెళ్ళిపోయాక, లోపలి తొట్టెలో ఎర్రమచ్చల చేప ఈదుతూ కనిపించింది.

పరుగున వచ్చాడు. అక్క పళ్ళెంలోకి చూస్తోంది. బతికున్న చేపను కోసి వెంటనే ఆవిరి మీద పెడితే రెక్కలు నిక్కుతాయి, కండ పగులుతుంది. దీని రెక్కలు ఒంటికి అంటుకుని ఉన్నాయి. ఆమె అల్లంముక్కలు పక్కకు నెట్టి వేలితో కండ నొక్కింది. తమ్ముణ్ణి ఒకసారి చూసింది. తర్వాత పెద్ద ముక్క తీసి భర్తకు వడ్డించింది.

“వేడిమీద తినండి. మావాడు పట్టింది.”

తనూ ముల్లు మిగిలేదాకా తింది.

మర్నాడు తెల్లారగానే బజారుకు వెళ్ళాడు. అక్క పీటమీద కూర్చుని పొలుసు తీస్తోంది.

“నిన్న నీకు పెట్టింది నువ్వు ఎంచుకున్నది కాదక్కా.”

“తెలుసులే. ఆ వంటవాడెవడో నిన్ను మోసం చేసుంటాడు. మీ బావ ముందు నువ్వు చిన్నబోతావని ఊరుకున్నా.”

అక్కడితో ఆపేయవచ్చు. ఆపలేదు.

“మార్చింది నేనే. కావాలని కాదక్కా. అలవాటుకొద్దీ...”

ఆమె చేతిలో కత్తి ఆగింది. “అలవాటేంట్రా? రోజూ ఇంతేనా?”

ఆయన తల ఊపాడు.

ఎవరో చేపలకోసం వచ్చారు. అక్క ఒకదాని మొప్ప ఎత్తి చూపించి, దాన్నే కోసి ఇచ్చింది. ఆయన పనికి వెళ్ళకుండా, ఎండెక్కేదాకా ఆ కొట్టు పక్కనే కూర్చున్నాడు.