ఆరకూడని లైటు

ఫిల్మ్‌నగర్‌లో గుట్ట ఎక్కే సందులో చలపతిరావు కొట్టు ఉంది. నటుడవుదామని తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, షూటింగ్ లైట్లకు కరెంటు సర్దే డబ్బాలు బాగుచేయడంలో స్థిరపడ్డాడు. వేషం అడగడానికి వెళ్లిన ఆఫీసులకే ఇప్పుడు డబ్బాలు మోసుకెళ్తాడు.

ఆ డబ్బాలో ఒక చిప్ ఉంటుంది, చింతగింజంత కూడా ఉండదు. కరెంటు హద్దు దాటి పారితే ఆపేస్తుంది. క్షణం ఆగి మళ్లీ ఇచ్చి చూస్తుంది, తప్పు అలాగే ఉంటే మళ్లీ ఆపుతుంది. చూసేవాళ్లకు లైటు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఎంత కరెంటు పారుతోందో చిప్‌కు తెలిసేది పక్కనున్న చిన్న రెసిస్టర్ వల్ల. దాని మీదుగా తీగముక్క అతికిస్తే కరెంటు ఆ తీగలోంచి పోతుంది, చిప్‌కు ఇక ఏమీ తెలియదు, లైటు ఆరదు. వెనకటి మద్రాసు రోజుల్లో ఫ్యూజు పోతోందని లావు రాగితీగ చుట్టేవారట. జ్వరమొస్తే థర్మామీటరు విరగ్గొట్టే వైద్యం ఎక్కడైనా ఉందా? సినిమాలో ఉంది.

జూబ్లీహిల్స్‌లో ఒక కంపెనీకి వీరరాఘవయ్య ప్రొడక్షన్ మేనేజరు. వాళ్ల పోయిన సినిమా ముహూర్తంలో క్లాప్ కొట్టగానే పెద్ద లైటు ఆరింది, సినిమా కూడా పోయింది. అందుకని కొత్త సినిమాకు ముందే కొట్టుకు వచ్చాడు.

"చలపతీ, లైటు కాలినా ఫర్లేదు, ఆరకూడదు. అంతే."

"ఎందుకారిందో చూడాలి కదండీ."

"చూస్తూ కూర్చో. పక్కకొట్టువాడు చూడకుండానే చేస్తానంటున్నాడు."

చలపతిరావు డబ్బాలన్నిటికీ తీగలు అతికించేశాడు.

ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు లైట్ల మీద చల్లడం ఆ కంపెనీ ఆచారం. కెమెరా మీద చల్లరు సుమా, దానికి గుడ్డ కప్పుతారు. ఈసారి దోషం పూర్తిగా పోవాలని, పూజారి వద్దంటున్నా వినకుండా, వీరరాఘవయ్య కాయలోని నీళ్లన్నీ పెద్ద లైటు డబ్బా మీద కుమ్మరించాడు. పోయినసారి లైటు ఎందుకు ఆరిందో చలపతిరావుకు అప్పుడు తెలిసింది. నోరు తెరిచేలోగా క్లాప్ పడింది.

లైటు ధగధగా వెలుగుతూనే ఉంది. డబ్బా సందుల్లోంచి పొగ, ఆ వెనకే మంట. కింద పట్టుచీరలో హీరోయిన్. "కట్" అన్న మాట వినపడిందో లేదో, లైట్‌మ్యాన్ ఓదెలు ప్లగ్గు పీకి, స్టాండుకు వేలాడుతున్న డబ్బాను ఊడబెరికి అవతల విసిరేశాడు. అరచేతుల చర్మం దానికే అంటుకుపోయింది.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

"షాట్ ఓకే! లైటు ఆరలేదు!" అని వీరరాఘవయ్య చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఓదెలు చేతులు, చలపతిరావు చేతులు తప్ప అక్కడున్న చేతులన్నీ మోగాయి!

"శభాష్ చలపతీ! మధ్యాహ్నం వాన షాట్‌కీ ఇవే లైట్లు."

"ముందు వీణ్ణి ఆసుపత్రికి పంపండి!"

"కారు చెప్పానయ్యా. నువ్వు ఇంకో డబ్బా తగిలించు."

ఓదెలు చలపతిరావు వైపు చూశాడు. "అన్నా, గిట్లయితే గిది బందయ్యేది గదా. ఇయ్యాల ఎందుకు బంద్ కాలే?"

చలపతిరావు అవతల పడి కాలుతున్న డబ్బా వైపు చూశాడు.

"జర చెప్పరాదే. నా బదులు మా తమ్ముడు ఎక్కుతడు మంచె మీదికి, వానల."

"ఆరకుండా నేనే తీగ వేశాను ఓదెలూ. అన్నిటికీ."

"మంచిగ చేసినవ్," అని ఓదెలు నవ్వబోయి, నొప్పికి కూలబడ్డాడు.

కారు అతన్ని తీసుకుపోగానే చలపతిరావు సెట్టు మధ్యలో చతికిలబడి ఒక్కో డబ్బా విప్పి తీగలు కత్తిరించసాగాడు. వీరరాఘవయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నావయ్యా! వానలో ఆరిపోతే?"

"ఆరిపోతాయండి."

"సినిమా పోతుందయ్యా! రేపట్నుంచి నిన్ను ఈ గేటు లోపలికి రానిచ్చేవాడుండడు."

చలపతిరావు ఇంకో తీగ కత్తిరించాడు.

వాన మొదలైన కాసేపటికే మంచె మీది లైటు కొట్టుకుని, కొట్టుకుని ఆరింది. సెట్టంతా గొల్లుమంది. ఓదెలు తమ్ముడు తడిసి ముద్దై కిందికి దిగాడు.

"ఏందన్నా, షాట్ ఖరాబ్ చేసినవ్! అందరు నన్నే తిడుతుండ్రు."

చలపతిరావు ఆ కుర్రాడి అరచేతులు రెండూ పట్టుకుని, తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాడు.