పాటిగడ్డ గోడ కూలిన నాడు

పందొమ్మిది వందల అరవై నాలుగు ఎండకాలం. చెన్నూరు దిక్కు గోదారి ఒడ్డున మా ఊరి పాటిగడ్డను పురావస్తు శాఖోళ్లు తవ్వుతుండ్రు. పాటిగడ్డ అంటే పాత ఊరు కూలి, దాని మీద ఇంకో ఊరు లేచి, అదీ కూలి మిగిలిన దిబ్బ. నేను కూలోళ్ల మీద మేస్త్రిని.

తవ్వే నలుచదరపు గుంతను ట్రెంచ్ అంటరు. రెండు ట్రెంచుల నడుమ ముట్టకుండ నిలిపే మట్టిగోడ బాల్క్. మా బాల్క్ రెండు నిలువుల ఎత్తు. పైన తాతల నాటి బూడిద, దాని కింద కాలిన ఇటుక, అట్టడుగున నల్లకుండల పెంకులు. ఏ ఊరు ముందుదో, ఏది వెనుకదో ఆ గోడను బట్టే తవ్వకాల ఆఫీసరు రాసుకునేటోడు. నాకప్పటికి అక్షరం రాదు, పెంకు చూసి గుర్తుపట్టేటోన్ని. "గోడను మాత్రం గీకొద్దు మేస్త్రీ," అని ఆఫీసరు రోజూ చెప్పేటోడు.

మాకేమో పాటిమన్ను చిన్నప్పటి అలవాటు. పొలాల ఎరువుకని దిబ్బ కడుపుల గడ్డపారతోని బొక్క కొడితే పైమన్ను దానంతట అదే కూలుతది. బండి నింపుకొని పోవుడే. ఒకనాడు పొద్దున గోడ అడుగున కుండ మూతి కనవడ్డది. ఆఫీసరు డేరాల ఉన్నడు. పగులకుండ తీసి శభాష్ అనిపించుకుందామని గోడను కిందికెల్లి తొలిచిన.

తట్ట పట్టుకొని పక్కన కూసున్న మా రాజవ్వ వదిన నవ్వింది. "ఏం మరిదీ, అత్తగారింటికి సొరంగం తవ్వుతున్నవా?"

ఆమె కొప్పు మీద సన్నగ మన్ను రాలింది. తలెత్తి చూస్తే గోడ నెత్తిన నెర్రె, వేలు పట్టేంత. చూస్తుండంగనే చెయ్యి పట్టేంత అయింది. గట్టిగ ఒర్లితే వదినె ఉలిక్కిపడి గోడకే తగులుతదేమో.

"వదినె, తట్ట ఇడువు. మెల్లగ నా దిక్కు రా."

"ఏంది, పామా?" ఆడనే బిగుసుకపోయింది.

"పాము కాదు, గోడ!"

రెండడుగులు వేసిందో లేదో, కూలింది. దుమ్ము తేలినంక చూస్తే మెడ దాక మన్నుల ఉంది. కండ్లు తెరిచే ఉన్నయి, ఊపిరి ఆడ్తలేదు. ఆఫీసరు ఉరికొచ్చి, "పారలు వద్దు! చేతులతో తీయండి, ముందు రొమ్ము దగ్గర!" అని అరిచిండు. గోర్లు చీలేదాక తోడినం. మిగిలిన గోడ మా మీదికే ఒరిగి ఉంది. ఒక్కలం కూడ పైకి చూడలే. ఆఖరికి "అవ్వా" అని ఊపిరి గుంజింది.

కాలు ఇరిగింది, మనిషి బతికింది.

"కింద ఎవరు తవ్వారు?" అని ఆఫీసరు అడిగిండు. గోడ దానంతట అదే కూలిందని కూలోళ్లు నన్ను కాయబోయిండ్రు. రాజవ్వ నా మొఖం దిక్కు చూసింది.

"నేనే సార్," అన్న.

వారం పని బంద్ పెట్టిండు. పని నుంచి తీసేస్తడనుకున్న. పిలిచి, "ఇక రోజూ గోడలు చూసే పని నీదే," అన్నడు.

తర్వాత ఎన్ని ఊర్ల పాటిగడ్డలల్ల దిగిన్నో. తెల్లారంగనే గోడలన్నీ తడిమేటోన్ని. అయినా దిగినప్పుడల్లా భయం పోలే. నాకేం భయం లేదన్నోన్ని మాత్రం ఒక్కనాడు గుంతల దింపలే.