జోగేశ్వరరావు మాస్టారి తెమలని కొలతలు

మా జోగేశ్వరరావు మాస్టారు కొలవని వస్తువు రాజమండ్రిలో లేదు. ఆయన డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక, ఊళ్ళోని పాత వీధుల్ని ఎలా కాపాడాలో పరిశీలించి రిపోర్టు రాయమని గవర్నమెంటువారు గ్రాంటు ఇచ్చారు. మా వీధిలో ఉన్నవి ఇరవై రెండు పెంకుటిళ్ళు. గడువు ఏడాది. నాలుగో ఏడు నడుస్తోంది.

దారిన పోయేవాళ్ళెవరైనా సరే, ఆయన టేపు రెండో కొస పట్టుకోవలసిందే. పెళ్ళిచూపులకు వస్తున్న పెళ్ళికొడుకు చినబాబుని కూడా ఆపి పట్టుకోమన్నారు. కిటికీలోంచి చూసిన పెళ్ళికూతురు, "మేస్త్రీ సంబంధం తెచ్చారేంటి?" అని లోపల గొడవ పెట్టింది.

"మా గడప నిన్నేగా కొలిచారు మాస్టారూ?" అన్నాను ఓ రోజు.

"ఇవాళ పావంగుళం తేడా వచ్చిందండీ అక్కయ్యగారూ."

"ఏం, రాత్రి షికారెళ్ళొచ్చిందాండీ?"

"అదే తేల్చాలండి."

అన్నిటికన్నా ఎక్కువ టేపు దెబ్బలు తిన్నది రత్నమాణిక్యం అరుగు. ఆవిడ దానిమీద పెసరట్లు వేసి ఇద్దరాడపిల్లల్ని చదివిస్తోంది. ఒకనాడు ఈయన అట్టుని కూడా కొలిచి, "తొమ్మిదంగుళాలు. నిన్న తొమ్మిదిన్నర" అన్నారు. మాణిక్యం అట్లకాడ ఎత్తింది.

రిపోర్టు ఇస్తేగాని మిగతా గ్రాంటు రాదు. ఈయనేమో తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నారు. ఎందుకిలా అని నాకు అన్నం సహించడం మానేసింది. ఆయన మంచినీళ్ళకి లోపలికెళ్ళిన సమయం చూసి ఆయన కొలతల పుస్తకం తెరిచాను.

ఇరవై రెండు ఇళ్ళూ బొమ్మలతో సహా మొదటి ఏడే పూర్తయిపోయాయి! తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. మూడేళ్ళుగా ఈయన కొలుస్తున్నది వట్టి గాలి. చివర్లో మునిసిపాలిటీ కాగితం ఒకటి. రోడ్డు వెడల్పు చేసి అరుగులన్నీ తీసేస్తారట, ఈ పరిశీలన రిపోర్టు అందాక.

వెనకనుంచి దగ్గు వినిపించింది.

"అరుగులు ఉంచమని రాయొచ్చుగా మాస్టారూ?"

"రాశానండి. వాళ్ళు చదువుతారన్న నమ్మకం లేదండి. అందకపోతే మాత్రం ఆగుతారు." గొంతు తగ్గించారు. "మాణిక్యం పెద్దపిల్ల ట్రైనింగు ఇంకో ఏడాది ఉందండి. ఎవరికీ చెప్పకండి."

"నా సంగతి మీకు తెలీదా?" అన్నాను. తెలుసు కనకే ఆయన మొహం పాలిపోయింది. సాయంత్రానికి వీధంతటికీ చెప్పేశాను.

వారం తిరక్కుండా శాంతికుమార్ అనే ఆఫీసరు పైనుంచి దిగాడు. "ఇవాళ రిపోర్టు తీసుకునే వెళ్తాను" అన్నాడు. మాస్టారు నేల చూపులు చూశారు.

వీధి వీధంతా ఎగబడింది.

"మా పెరటి తలుపు కొలవలేదండీ!"

"మా అటక ఎక్కనే లేదండీ!"

మాణిక్యం అతని చేతికి ఆకులో వేడి అట్టు అందించి, "నా అరుగు వైపు కన్నెత్తైనా చూళ్ళేదు బాబూ" అంది.

ఆఫీసరు మెత్తబడ్డాడు. "ఆర్నెల్లు సరిపోతాయా?"

మాస్టారు తలూపబోయారు. నేను అడ్డం వెళ్ళాను.

"ఎలా సరిపోతాయండీ? మా తలుపులు వానల్లో ఉబ్బుతాయి, ఎండల్లో కుంచించుకుపోతాయి. అన్ని కాలాలూ కొలవకుండా గవర్నమెంటుకే తప్పుడు కొలతలిమ్మంటారా?"

అతను మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు. అరుగు మీదే కాగితం పరిచి, నవ్వు ఆపుకుంటూ, ఏడాది అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత ఇంకో అట్టుకోసం ఖాళీ ఆకు మాణిక్యం ముందుకు జరిపాడు.

"మాణిక్యం, అల్లం దండిగా వెయ్యవే" అన్నాను, "గవర్నమెంటు తింటోంది."