నాలుగు సెకన్ల పాఠం

రెండు వేల పదకొండులో కార్ల పెద్ద పందెం మొదటిసారి మన దేశానికొచ్చింది. దాంతో నాచారంలో మా ప్లాస్టిక్ ఫ్యాక్టరీ మేనేజర్‌కు జ్ఞానోదయమైంది. ఆయన కారేమో రోజూ ఉప్పల్ చౌరస్తా దాటడానికే అరగంట తీసుకునేది.

సోమవారం మమ్మల్నందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి గోడ మీద పందెం వీడియో వేశాడు. కారు ఆగింది, నాలుగు టైర్లూ మారాయి, దూసుకుపోయింది.

"నాలుగు సెకన్లు! మీకు మిషన్‌లో ఒక్క అచ్చు మార్చడానికి రెండు గంటలా? సిగ్గుగా లేదూ?" అన్నాడు. సూపర్‌వైజర్‌ని కదా, నేను తలూపాను. నాకు జీతమిచ్చేదే అందుకు.

వెనక బెంచీ మీంచి మా ఫిట్టర్ లేచాడు. "సార్, టైర్లు మార్చేకాడ జర ఆపున్రి," అన్నాడు. మేనేజర్ సంబరంగా ఆపాడు. ఫిట్టర్ గోడ దగ్గరికెళ్ళి, కారు చుట్టూ ఉన్న మనుషులను వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఒక్క బండికి ఇరవై మంది ఉన్నరు సార్. మనకాడ ఆరు మిషన్లకు నేనొక్కణ్ణే."

మేనేజర్ వీడియో కట్టేశాడు. మర్నాడు మనుషులను తేలేదు, స్టాప్‌వాచ్ తెచ్చాడు. దాన్ని పట్టుకుని ఫిట్టర్ పక్కన నిలబడే పని నాకిచ్చాడు. ఆ రెండు గంటలూ నేను సెకన్లు లెక్కపెట్టాను. ఒక్క స్పానర్ కూడా అందించలేదు.