నల్లకారు తలుపు బిగించిన పెద్దమ్మ

పోయిన నెల ఒక ఉదయం ఏలూరు నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "పెద్దమ్మ పోయిందక్కా," అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వసారాలో కుర్చీలో కూర్చుందట. పాలాయన పలకరిస్తే పలకలేదట. అంతే. ఎనభై దాటిన మనిషికి అంతకన్నా సుఖమైన చావేముంటుందని వచ్చినవాళ్లందరూ అన్నారు. నేనూ తల ఊపాను. కానీ పెద్దమ్మ అంత మెత్తగా వెళ్లిపోయిందంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. ఆవిడను చంపడానికి మనుషులు వచ్చిన రోజు ఒకటుంది. ఆ రోజు ఆవిడ తిరగబడి కొట్టి బతికింది.

ఆవిడ మా అమ్మకు అక్క. నేను డిగ్రీ చదివిందీ, తర్వాత టీచరుగా చేరిందీ ఏలూరులో ఆవిడ ఇంట్లో ఉండే. పెదనాన్నకు కైకలూరు దాటాక కొల్లేటి అంచున చేపల చెరువులుండేవి, ఇంకొకాయనతో భాగంలో. ఇంట్లో ఒక పాత నల్లకారు ఉండేది. పెదనాన్న పుట్టకముందు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన కారు. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు వాళ్ల షెడ్డులో పడి ఉంటే, ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఆయనకు చూపు మందగించాక పెద్దమ్మ డ్రైవింగ్ నేర్చుకుంది. చెరువు గట్ల మీద చీర కుచ్చిళ్లు దోపుకుని ఆ కారు తోలే ఆవిడను చూడటానికి కూలీలు పని ఆపి నిలబడేవారట.

భాగస్వామితో గొడవ ముదిరింది. చేప పట్టుబడికొచ్చే సమయానికి అతని మనుషులు గట్టుకు గండి కొట్టి ఒక చెరువు ఖాళీ చేశారు. పెదనాన్న పోలీసు కేసు పెట్టాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం జరిగింది చెబుతాను. నేను అక్కడ లేను. కోర్టులో పెద్దమ్మ సాక్ష్యం చెబుతుంటే వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను.

పెద్దమ్మ కారు తోలుతోంది, పెదనాన్న పక్క సీట్లో ఉన్నాడు. గట్టుకు అడ్డంగా ట్రాక్టరు పెట్టి ఉంది. పెద్దమ్మ హారన్ కొట్టింది. పొదల్లోంచి ముగ్గురు లేచి వచ్చారు. మొదటి దెబ్బకు ముందు అద్దం పగిలి గాజుముక్కలు ఆవిడ ముఖంలో గుచ్చుకున్నాయి. ఒకడు గునపం తలుపు సందులో దూర్చి పెకలించాడు. బందుల బోల్టులు ఒక్కొక్కటే తెగి తలుపు ఊడి చెరువులో పడింది. పెదనాన్నను కాళ్లు పట్టి బయటికి లాగారు. ఆయన స్టీరింగు పట్టుకుని వేలాడాడు. వేళ్ల మీద కొట్టారు. వదల్లేదు. తల మీద కొట్టారు.

పెద్దమ్మ సీటు కిందికి చెయ్యి పోనిచ్చి స్టార్టింగ్ హ్యాండిల్ తీసింది. ఇంజను మొరాయించినప్పుడు ముందు నుంచి దూర్చి తిప్పే బరువైన ఇనుప కడ్డీ అది. దాంతో గునపం పట్టినవాడి మోచేతి మీద కొట్టింది.

"ఎన్నిసార్లు కొట్టారండీ?" అని అవతలి ప్లీడరు అడిగాడు.

"వాడు గునపం వదిలేదాకా అండీ."

"వదిలాక?"

"వదిలాక ఇంకోసారి అండీ."

ఒక చేత్తో పెదనాన్న చొక్కా కాలరు పట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండు పక్కలా నీళ్లున్న ఆ సన్నటి గట్టు మీద వెనక్కి తోలుకుంటూ వచ్చింది. కైకలూరు రోడ్డు ఎక్కేసరికి ఆయన ఆవిడ ఒళ్లోకి ఒరిగిపోయాడు. ఒక మాట కోర్టులో చెప్పలేదు, చాలా ఏళ్ల తర్వాత నాకు ఒక్కదానికే చెప్పింది. పోయేముందు ఆయన, "తలుపెయ్యవే, గాలి కొడుతోంది," అన్నాడట.

భాగస్వామికీ, గునపం పట్టినవాడికీ శిక్ష పడింది. కేసు ముగిసేదాకా కారు పోలీస్ స్టేషన్ ఆవరణలో ఉండిపోయింది. చెరువులోంచి తీసిన తలుపును దాని పైకప్పు మీద పడేశారు. కోర్టు ఆర్డరు మీద ఇంటికి తెచ్చేనాటికి సీట్లు ఎలుకలు తినేశాయి. ఊడదీయగలిగిన ప్రతి బోల్టూ, స్క్రూ, క్లిప్పూ ఎవరో ఊడదీసుకుపోయారు. మిగిలినవి తుప్పుతో బిగుసుకుపోయాయి.

పాత ఇనుము కొనేవాడు వాకిట్లోకి వచ్చి కారు చుట్టూ తిరిగి రేటు చెప్పాడు. పెద్దమ్మ చేతిలో స్పానరుంది. "ఏవండీ, ఇంకోసారి ఆ మాటంటే ఇది మీ నెత్తిన పడుద్దండీ," అంది. గొంతు ఏమాత్రం పెంచలేదు. ఆయన చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి గేటు దాటాడు.

"ఇప్పుడు దీన్నెందుకు పెద్దమ్మా బాగుచేయడం?" అని అడిగాను.

"దీన్ని ఆ గట్టు మీదికి తోలుకెళ్లాలి. వాళ్ల ఊరంతా చూడాలి."

చూసి ఏం చేయాలో చెప్పలేదు. ఆవిడ ముఖం చూసి నేనూ అడగలేదు.

కొత్త సీటు కుట్టించడం, రంగు వేయించడం పెద్ద పని కాలేదు. ఏలూరులో చేసేవాళ్లున్నారు. ఆవిడను తిప్పలు పెట్టినవి వేలెడంత కూడా లేని బోల్టులు. ఆ కారువి అంగుళాల కొలతలు. ఇప్పుడు కొట్లలో దొరికేవన్నీ మిల్లీమీటర్లవి. చూడటానికి ఒకలాగే ఉంటాయి. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతాయి. ఇంకాస్త బలం పెడితే లోపలి మర చుట్లు, అదే త్రెడ్డు, మొత్తం కొరుక్కుపోతుంది. బోల్టుల కొట్టాయన పాపం డబ్బాలన్నీ బోర్లించి వెతికేవాడు. "మన దగ్గర రాదండీ అమ్మగారూ. ఇది పాత సన్న త్రెడ్డండీ," అనేవాడు. ఏళ్ల తరబడి పెద్దమ్మ ఒక నమూనా బోల్టును చేతిరుమాలులో చుట్టి ఎప్పుడూ వెంట ఉంచుకునేది. అత్తిలిలో మా బంధువుల పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర పెళ్లికొడుకు మేనమామను పట్టుకుంది. ఆయనకు ఆయిలింజన్ల షాపుందని ఎవరో చెప్పారు. ఆయన పెరుగన్నం విస్తట్లో ఉండగానే ఆ బోల్టును ఎడమచేత్తో వెలుగుకు పట్టి చూసి, తన దగ్గరా లేదన్నాడు.

తుప్పుపట్టి విరిగిపోయిన ముక్కలను డీజిల్లో నానబెట్టి, డ్రిల్లుతో తొలిచి, సుత్తితో కొట్టి బయటికి తీసేది. ఆ సుత్తి దెబ్బలు వీధి చివరకు వినపడేవి. తలుపు పక్కన మెరిసే పట్టీలను పట్టి ఉంచే క్లిప్పులను ఉక్కుతీగ వంచి తనే చేసింది. తీగ చేతిలోంచి ఎగిరి చెంప చీరుకుపోతే, రక్తం పైటతో అద్దుకుని మళ్లీ వంచింది. నేను స్పానరు అందుకోబోతే చెయ్యి మీద కొట్టేది. "ముందు వేళ్లతో తిప్పు. వేళ్లకు లొంగకపోతే నువ్వు తప్పు పెట్టావన్నమాట. తీసి మళ్లీ పెట్టు." ఆ మాట బళ్లో పిల్లల్ని కసిరే ముందు నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

చివరికి తాడేపల్లిగూడెంలో రైసుమిల్లుల వెనక సందులో ఒక లేతు మిషను ఆయన, నమూనా చూసి చేసిస్తానన్నాడు. ఆయన చర్చి పెద్ద, నెమ్మదస్తుడు. చేసిచ్చిన బోల్టులు అచ్చం పాతవాటిలాగే ఉన్నాయి. తలుపు బిగించుకుని, ఆయనకు చూపించి రావడానికి బయల్దేరాం. నేను పెదనాన్న కూర్చునే పక్క కూర్చున్నాను. భీమడోలు దాటాక రోడ్డు మీద ఒక గుంతలో పడ్డాం. పై బందు దగ్గర ఏదో టప్‌మంది. బందులు వెనక వైపున్న ఆ తలుపు తెరుచుకుని గాలికి వెనక్కి విరుచుకుంది. దాన్ని పట్టుకుని ఉన్న నేను దాంతోపాటే బయటికి వెళ్లిపోయాను. కింద కంకర వేగంగా పోతోంది. నా చెవి పక్కనే టైరు రొద. నడుము దాకా గాల్లో ఉన్నాను. పెద్దమ్మ నా జడ చుట్టూ పిడికిలి బిగించి ఒక్క లాగు లాగింది. మెడ విరిగిందనుకున్నాను. కారు ఆగాక చూస్తే ఆవిడ వేళ్లకు నా వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి.  

తలుపును తాడుతో కట్టి నేరుగా తాడేపల్లిగూడెం వెళ్లాం. తెగిన బోల్టు ముక్కలను పెద్దమ్మ లేతు మీద పెట్టింది.

"ఏవండీ, ఇవి విరిగాయండీ. మా పిల్ల రోడ్డు మీద పడిపోబోయిందండీ."

"కొలత తప్పలేదండీ అమ్మగారూ. త్రెడ్డు కూడా..."

"త్రెడ్డు బానే ఉందండీ. ఇనుము చచ్చు ఇనుము."

మిగిలిన బోల్టును పెద్దమ్మే ఆయన బల్లకున్న పట్టులో బిగించి, ఆయన సుత్తే తీసుకుని ఒక్కటిచ్చింది. తల ఎగిరి రేకు గోడకు తగిలి ఖంగుమంది. ఆయన ఆ ముక్కను ఏరి తెచ్చి విరిగిన చోట వేలితో తడిమాడు. "దొరికిన కడ్డీతో చేసేశానండీ. తప్పేనండీ. లారీ యాక్సిలు ముక్కొకటుంది. దాంతో చేస్తాను. టైము పడుద్దండీ."

"కూర్చుంటానండీ," అని స్టూలు లాక్కుని కూర్చుంది. పని పూర్తయ్యేదాకా లేవలేదు.

ఆ బోల్టులతో మళ్లీ తలుపు ఎక్కించడానికి సిద్ధమైన ఆదివారమే వాడు వచ్చాడు.

నేను తలుపు ఎత్తి పట్టుకోలేక అవస్థ పడుతున్నాను. బొక్కలు ఒకదానికొకటి కలవడం లేదు. గేటు దగ్గర ఒక నడివయసు మనిషి నిలబడి, "అమ్మగారూ, నేనండీ," అన్నాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరగా ఉంది. గునపం పట్టినవాడు. శిక్ష ముగిసి బయటికొచ్చాడని విన్నాం. ఇంటికొస్తాడనుకోలేదు.

పెద్దమ్మ స్టార్టింగ్ హ్యాండిల్ అందుకుంది. నేను ఆవిడ భుజం పట్టుకున్నాను. నా చెయ్యి విదిలించి కొట్టింది.

వాడు పారిపోలేదు. గేటు స్తంభం పక్కన మట్టిలో కూర్చుండిపోయాడు. "మీరు కారు బాగుచేయించుకుని మా ఊరొచ్చి నా పిల్లల్ని తొక్కించేత్తారని అందరూ అంటన్నారండీ. మా ఆడది పిల్లల్ని రోడ్డెక్కనివ్వట్లేదండీ. చేసేదేదో నన్ను ఇక్కడే చేసేయండి."

పెద్దమ్మ హ్యాండిల్ ఎత్తి కొట్టింది. దెబ్బ వాడి తల పక్కన స్తంభానికి తగిలింది. సిమెంటు పెచ్చు ఎగిరి చెవి కోసుకుపోయింది. రక్తం చొక్కా మీదికి కారింది. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. మళ్లీ ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే చాలాసేపు ఉంది. ఆవిడ ఊపిరి నాకు వినపడుతోంది. 

తర్వాత హ్యాండిల్ దించి, "లే," అంది. "ఈ తలుపు ఊడబీకింది నువ్వే గదా. పట్టుకో."

వాడు వచ్చి తలుపు కింద చేతులు పెట్టి ఎత్తి పట్టుకున్నాడు. పెద్దమ్మ ఒక్కో బోల్టునూ వేళ్లతో తిప్పి ఎక్కించింది. ఏమాత్రం తొందరపడలేదు. కావాలనే నెమ్మదిగా చేస్తోందని నాకు తెలిసింది, వాడికీ తెలిసింది. వంకర చెయ్యి వణకడం మొదలైంది. తలుపు కింద ఆనించడానికి నేను ఇటుకలు తేబోతే, "అక్కర్లేదు," అంది.

"చెయ్యి నొప్పెడుతోందా?"

"పెడతందండీ."

"పట్టుకో."

అన్నీ ఎక్కించాక స్పానరుతో బిగించింది. తలుపు తెరిచి మూసింది. మళ్లీ తెరిచి మూసింది. గట్టి చప్పుడుతో పడింది. వాడు చెవి రక్తం భుజానికి తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు. నేను చెంబుతో నీళ్లిస్తే తాగాడు. పెద్దమ్మ చూసింది గానీ వద్దనలేదు.

"మీ ఊరు వస్తాను," అంది వాడితో. "కారేసుకునే వస్తాను. నీ పిల్లలకేం భయం లేదని ఇంట్లో చెప్పు. నిన్ను మాత్రం క్షమించను. ఇంక ఈ గేటు తొక్కకు."

ఆ మాట మీదే చివరిదాకా నిలబడింది. క్షమించావా అని తర్వాతెప్పుడో నేను ఒకసారి అడిగితే ఆ పూట నాతో మాట్లాడలేదు. మనసులో అంత మంట పెట్టుకుని కూడా, ఎత్తిన చెయ్యి దించగలిగిన మనిషిని ఆవిడను తప్ప ఇంకెవర్నీ చూడలేదు. నా బతుకులో నాకు కోపం వచ్చిన ప్రతిసారీ ఆ ఎత్తిన చెయ్యే కనపడుతుంది. అందుకు ఆవిడకు రుణపడి ఉన్నాను.

ఆ చలికాలంలోనే వెళ్లాం. కైకలూరు దాటి, వాడి ఊరి మీదుగా, నెమ్మదిగా. అరుగుల మీది జనం లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. పెద్దమ్మ కళ్లు పక్కకు తిప్పలేదు. ఊరు దాటి గట్టు ఎక్కేముందు, పట్టుబడి పని ముగించుకున్న ఆడకూలీలు కొందరు బుట్టలతో నిలబడి చెయ్యెత్తారు. కారు ఆపింది.

"అవతల రోడ్డు దాకా దింపుతారేటండీ మామ్మగారూ? ఆటో పోయిందండీ."

"ఎక్కండమ్మా."

తడి చీరలతో, చేపల బుట్టలతో వెనక సీటంతా నిండిపోయారు. ఒకావిడ తన మరిది పెళ్లి కబుర్లు మొదలుపెట్టింది. ఇంకొకావిడ ఆ పెళ్లికూతురి నత్తి మాటలు అనుకరించింది. అందరూ పగలబడి నవ్వుతున్నారు. పెదనాన్న రక్తం కారిన ఆ చోటు కోసం నేను అద్దంలోంచి వెతుకుతున్నాను. పెద్దమ్మ అక్కడ ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. పెళ్లికి ఏం వండారని వెనక్కి తిరగకుండానే అడిగింది.

వాళ్లను రోడ్డు మీద దింపి ఏలూరు చేరేసరికి పొద్దువాలింది. తలుపు తీసి చూస్తే, కొత్త సీటు మీద చేప పొలుసులు పరుచుకుని ఉన్నాయి. కొన్ని అప్పుడే ఎండి, అంచులు లేచి, పడమటి వెలుతురుకు ఒక్కొక్కటే మెరుస్తున్నాయి.