గాజులు గీసిన గిటారు

పెగడపల్లి దేవదాస్ రంగు వేసిన గోడను చూస్తే చాలదు, చెయ్యి పెట్టి నిమరాలి. జగిత్యాలలో ఇళ్లు కట్టుకున్న ఆసాములు కొందరు అతను ఖాళీ అయ్యేదాకా గృహప్రవేశాన్నే ఆపుకున్నారంటే ఇంకేం చెప్పాలి! మిగతా రంగులోళ్లు గోడ మీది గీతలపై ఇంత లప్పం మెత్తి, పైన రంగు కొట్టి, చేతులు దులుపుకుని పోతారు. దేవదాస్ ఆ బాపతు కాదు. ముందు ఉప్పు కాగితం పట్టుకుని గోటికి ఏదీ తగలనంత నున్నగా రుద్దుతాడు. ఆ తర్వాతే లప్పం పెడతాడు, అది ఆరాక మళ్లీ రుద్దుతాడు.

"రుద్దకుంటే లోపటి గీత ఎన్నడో ఒకనాడు పైకి తేల్తది," అనేవాడు.

"నీకు గోడ అప్పజెప్తే ఇటుక తేలేదాక రుద్దుతవురా," అని తోటి పనోళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, అతనికేం నామోషీ లేదు.

దేవదాస్ ఇంట్లో అతను గోడల కన్నా గారాబంగా చూసుకునే వస్తువు ఒకటుండేది. కరెంటు గిటారు. ఊరూరా తిరిగి ప్రార్థన కూడికలు పెట్టే ఎర్రయ్య అయ్యగారిది అది. ఎప్పుడో కలకత్తాలో చేశారట. నడుమ ముదురు ఎరుపు, అంచులకు వచ్చేసరికి నలుపు. పడుచుతనంలో దేవదాస్ ఆయన వెంట స్పీకరు డబ్బా మోసుకుంటూ తిరిగాడు. అయ్యగారు మంచం పట్టినప్పుడు గిటారును తెప్పించి ఇతని ఒళ్లో పెట్టించాడు. వాయించడం ఇతనికి రాదు పాపం, వచ్చిందల్లా మోయడమే. అయినా బిడ్డలా దాచాడు.

ఒకసారి తీగలు వేయించడానికి జగిత్యాల తీసుకుపోతే, వాద్యాల దుకాణం మధుకర్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నోరు వెళ్లబెట్టాడు.

"అన్నా, గిది యాభై ఏండ్ల కిందటిది. తీగలు తప్పితే అన్నీ ఒరిజినలే. మరలు గూడ ఎవ్వలు ఇప్పలేదు. గిట్లనే ఉంచు, దీన్ని ఏం జెయ్యకు."

ఇక చూసుకోండి, దేవదాస్‌కు కొమ్ములు మొలిచాయి. పాత లుంగీలో చుట్టి అటక మీద పెట్టాడు. చుట్టాలు చూస్తామంటే చూపించేవాడు గానీ ముట్టుకోబోతే కసిరేవాడు.

అలాంటివాడు బిడ్డ దగ్గర మాత్రం ఓడిపోయాడు. కళ్యాణి ఒక్కతే సంతానం. కోరుట్లలో డిగ్రీ చదువుతూ, ఫోన్లో చూసి చూసి గిటారు నేర్చుకుంది. ఆదివారం చర్చిలో ఆమె వాయిస్తుంటే, ఆడపిల్లకు ఈ కరెంటు గిటారేమిటని గొణిగినవాళ్లే పాట అయ్యేసరికి కళ్లు తుడుచుకునేవాళ్లు. సిరిసిల్ల నుంచి మేనత్త రాజక్క తెచ్చే మట్టిగాజులు పిల్లకు ప్రాణం. కుడిచేతి నిండా వేసుకుని వాయించేది. తీగ మోగినప్పుడల్లా గాజులూ గలగలమనేవి. ఊళ్లోవాళ్లకు ఆ రెండు చప్పుళ్లూ కలిస్తేనే కళ్యాణి పాట.

కానీ ఆ గాజులే ఎర్రరంగు మీద గీతలు పెట్టాయి. తీగల పక్కన, చెయ్యి ఆడేచోట, ఒకదాని మీద ఒకటి వంపు వంపుగా సన్నని గీతలు. అవి దేవదాస్ కంట పడ్డాయో లేదో, ఇల్లు లేపాడు.

"గాజులు తీసి వాయించు బిడ్డా! యాభై ఏండ్ల సంది ఒక్క గీత పడలే. నువ్వు ముట్టంగనే ఖరాబు జేస్తివి."

"గాజులు లేకుంటే నాకు తాళం దొరకది నాయినా."

"తాళం లేదు, గీళం లేదు. తియ్యి!"

తీసింది. ఆ ఆదివారం బోసి చేత్తో వాయించింది. పాట నడుమ చెయ్యి తడబడింది. ఇంటికొచ్చి గిటారును తనే లుంగీలో చుట్టిపెట్టింది. "క్రిస్మస్‌కు వాయిస్త తియ్యి నాయినా," అంది. కోపం లేదు, అలకా లేదు. అందుకే ఆ మాట అతనికి ఇంకా గుచ్చుకుంటుంది.

క్రిస్మస్ దాకా ఆమె ఉండలేదు. వానాకాలం ఊరంతా జ్వరాలు వచ్చాయి. అందరివీ తగ్గాయి, కళ్యాణిది తగ్గలేదు. రాజక్క గుండెలు బాదుకుంటూ వచ్చి, తెచ్చిన కొత్త గాజులన్నీ మేనకోడలి రెండు చేతులకూ నిండా తొడిగింది. అలాగే మట్టి చేశారు.

ఏడాది తిరిగింది. జ్ఞాపక కూడికకు ముందు సమాధికి సున్నం వేయడం వాళ్లలో రివాజు. దేవదాస్ సమాధికి వేశాడు, ఇంటికి రంగేశాడు, ఆఖరికి గిటారు దించాడు. కళ్యాణి ఫోటో ముందు చర్చి కుర్రాడు అఖిల్ దాన్ని వాయించాలి. లుంగీ విప్పగానే గీతలు కనబడ్డాయి. వీటి కోసమే కదా బిడ్డను అంత మాట అన్నది! ఇవి పోతే ఆ మాట కూడా పోతుందేమో అనిపించింది ఆ పిచ్చి తండ్రికి. అయ్యగారు ఇచ్చిన నాటి గిటారును బిడ్డ ముందు పెడితే, బిడ్డ మీద ఏ తప్పూ ఉండదనుకున్నాడు.

భార్య నర్సవ్వ కలుపుకు పోయిన పూట పని మొదలుపెట్టాడు. రుద్దాడు. లప్పం పెట్టాడు. మళ్లీ రుద్దాడు. ఎరుపులో చుక్క నలుపు, చుక్క పసుపు కలిపి పాత రంగుకు అచ్చంగా జత చేశాడు. అతుకు ఎక్కడుందో అతనికే తెలియలేదు. మర్నాడు పనికి పోకుండా, నర్సవ్వ కంట పడకుండా ఆరబెట్టి మళ్లీ చుట్టిపెట్టాడు.

ఆ మర్నాడే కూడిక. అఖిల్ గిటారు చేతికి తీసుకుని ఆశ్చర్యపోయాడు.

"అంకుల్, గీతలేవి? కొత్తదాని లెక్కున్నది!"

కూర్చున్నవాళ్లంతా మెడలు చాచి మెచ్చుకున్నారు. దేవదాస్ భార్య వైపు చూశాడు. నర్సవ్వ లేచి వచ్చింది. నేరుగా ఆ చోటు మీదే అరచెయ్యి పెట్టింది. నిమిరింది. మళ్లీ నిమిరింది.

"ఏడున్నయి?"

"తీసేసిన. బిడ్డ పేరు మీద గీతలు ఉండద్దని..."

"నువ్వు పనికి పోంగనే రోజు దీన్ని దించుకొని గీడ చెయ్యి పెడుతుంటినయ్యా," అంది నర్సవ్వ. ఆమె గొంతు లేవలేదు. "కండ్లు మూసుకుంటె బిడ్డ చెయ్యి తాకినట్టే ఉండేది. గాజులు బిడ్డతోనే మట్టిలకు పాయె. గీతలన్న ఉన్నయనుకున్న. గవి గూడ నువ్వు మింగితివా?"

అఖిల్ వాయించాడు. బాగానే వాయించాడు. గాజుల చప్పుడు లేని ఆ పాట ఎవరికీ పట్టలేదు.

భోజనాలై అందరూ వెళ్లాక, దేవదాస్ వాకిట్లో కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. ఉప్పు కాగితంతో మెల్లగా, పసిపిల్ల ఒళ్లు తుడిచినట్టు రుద్దాడు. రంగు పోయింది. తెల్లగా లప్పం వచ్చింది. లప్పమూ రాలింది. కింద చెక్క బయటపడింది, గోటికి ఏదీ తగలనంత నున్నగా. ఊళ్లో ఏ రంగులోడి చేతికిచ్చినా పైపైన లప్పం మెత్తి వదిలేసేవాడు. అప్పుడు దాని కింద బిడ్డ గీతలు బిడ్డ గీతల్లాగే ఉండేవి.

నర్సవ్వ వచ్చి పక్కన కూలబడింది.

"ఒక్కటన్న దొరికిందా?"

"మంచిగ రుద్దిన నర్సవ్వా," అన్నాడు దేవదాస్. "శాన మంచిగ రుద్దిన."