కంట్లో కూర్మం

శ్రీకూర్మంలో మా భజన మండలికి వచ్చే ఒక పెద్దమ్మ, పాట మధ్యలో చూపుడువేలెత్తి, గాలిలో ఏదో నెమ్మదిగా నడిచిపోతున్నట్టు చూపించేది. ఎర్రబడి నీరు కారే ఆమె కళ్లు ఆ వేలి వెంటే కదిలేవి.

"అదిగో, నల్లటి తాబేలు. కూర్మనాథుడే నడుస్తన్నాడు."

మాకేమీ కనిపించేది కాదు. అయినా ఆడవాళ్లు ఆమె కాళ్లకు మొక్కేవారు. నేనూ మొక్కాను.

"కళ్లజోడు ఎట్టుకున్నోడివి, నీకేటి అగుపడతాదిరా!" అని నవ్వేది.

కళ్లనొప్పి ముదిరాక పెద్దమ్మను శ్రీకాకుళంలో కంటి డాక్టరమ్మకు చూపించాను. వయసుకు తోడు అదుపులో లేని షుగరు, రెండు కళ్ల లోపలా వాపు. కళ్ల ముందు కదిలే ఆ నల్లటి నలుసులు దానివల్లేననీ, చుక్కల మందు వేయకపోతే చూపు పోతుందనీ చెప్పింది.

"మందేస్తే తాబేలు ఎల్లిపోతాదా?" అని అడిగింది పెద్దమ్మ.

"పోవాలనే కదమ్మా" అంది డాక్టరమ్మ.

పెద్దమ్మ కుడికంటికే మందు వేయించుకుంది. ఎడమకన్ను స్వామిదంది. భగవంతుడు అంతటా ఉన్నాడని నమ్మేవాణ్ణి, ఆ కంట్లో మాత్రం లేడని ఎలా వాదించను?

వానాకాలం దాటేసరికి కుడికన్ను తేటపడింది. ఎడమకన్ను పూర్తిగా చీకటైంది.

"స్వామి ఇంకా నడుస్తున్నాడా పెద్దమ్మా?" అన్నాను.

"నడవడం మానేసినాడురా. సీకట్లో ఆగిపోయి, నన్నే సూస్తన్నాడు."